అపార్టుమెంటు గుమ్మము వద్ద ఆగిన ఫైబరు తీగ

పట్టణములోని అపార్టుమెంటులో ఇంటర్నెట్టు తీగ వేయించుకొనుట యందు కలుగు జాప్యమును గూర్చి ఈ నెల మన పత్రికలో వ్రాయనెంచితిమి. పంటలు, పరపతి, ఎరువులు, గిడ్డంగులు మున్నగువానికై ఏర్పడిన యీ పుటలలో ఇట్టి విషయమునకు చోటేల యని కొందరు సభ్యులు తలంపవచ్చును. మన సభ్యులలో ఎందరి కుమారులు, కుమార్తెలు, కోడండ్రు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నములలోని అపార్టుమెంటులలో కాపురముండి ఇంటి నుండియే ఉద్యోగము చేయుచున్నారో ఒకమారు లెక్కించి చూచినచో ఆ సందేహము తీరును. 2020లో కరోనా వ్యాధి వ్యాపించిన నాటి నుండి ఈ పద్ధతి హెచ్చినది. ఎకరమో రెండెకరములో అమ్మి పట్టణమున ఫ్లాటు కొని అద్దెకిచ్చిన వారును మనలో లేకపోలేదు. అంతకన్న దగ్గరి సంగతి మరియొకటి కలదు. మన సంఘపు పట్టణశాఖయు, ఎరువుల డిపోయు నాలుగంతస్తుల యొక అపార్టుమెంటు క్రింది భాగమున నడచుచున్నవి. అచ్చటికి తీగ రాకపోవుటచే కష్టపడినవారు పట్టణవాసులు కారు. బస్తా యూరియాకై వచ్చిన రైతులే.

ముందుగా ఈ తీగ ఎట్లు వచ్చునో చెప్పవలసియున్నది. అది తెలియనిచో ఆలస్యము ఎచ్చట పుట్టుచున్నదో తెలియదు. ఫైబరనగా వెండ్రుక వంటి సన్నని గాజుపోగు. దానిలో పోవునది విద్యుత్తు గాదు, వెలుతురు. గాజులో వెలుతురు సెకనునకు ఇంచుమించు 2 లక్షల కిలోమీటర్లు పోవును. కంపెనీవారి కేంద్రమున బయలుదేరిన పోగు వీధిలోని యొక పెట్టె వరకు వచ్చి, అచ్చట స్ప్లిట్టరను చిన్న పరికరముచే 8గానో, 16గానో, 32గానో, కొన్నిచోట్ల 64గానో చీలును. దీనికి కరెంటుతో పనిలేదు. తూము నీటిని పంచినట్లు ఇది వెలుతురును పాళ్లు వేయును. అందొక పాలు అపార్టుమెంటులో మెట్ల ప్రక్కనుండు డక్టు గుండ పైకెక్కి, గోడలోని గొట్టము ద్వారా ఇంటిలోనికి వచ్చి ఒక చిన్న పెట్టెను చేరును. ఆ పెట్టెయే వెలుతురును మరల ఇంటర్నెట్టుగా మార్చి ఇచ్చునది. అతుకు సరిగా పడకున్నను, తీగ బిగువుగా మడతపడినను వెలుతురు దారిలోనే కారిపోవును. అప్పుడు పెట్టె మీద ఎర్రదీపము మినుకుమినుకుమనుచుండును.

ఈ యేర్పాటు డెల్టా రైతునకు కొత్తది గాదు. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసెను. ఆనకట్ట కట్టినంత మాత్రమున, పెద్దకాలువ త్రవ్వినంత మాత్రమున శివారు పొలము తడియునా? పిల్లకాలువ రావలెను, బోదె త్రవ్వవలెను, పై రైతు తన గట్టు గుండ నీటిని పోనీయవలెను, లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తవలెను. కాలువ నిండుగా పారుచుండగనే చివరి పొలము ఎండిన సంవత్సరములు మనమెరుగనివి కావు. ఆ చివరి పంపకమును రైతులే చూచుకొనవలెనని తుదకు 1997లో నీటి సంఘముల చట్టము చేయవలసివచ్చెను. ఫైబరు విషయమునను జరుగుచున్నది సరిగా ఇదియే. సముద్రములు దాటి వచ్చిన వెలుతురు, వందల మైళ్లు నేల క్రింద నడచిన వెలుతురు, తుది నూరడుగుల దూరమున ఒక తాళము వద్దనో ఒక సంతకము వద్దనో వారములకొలది నిలిచిపోవుచున్నది.

మన డిపో సంగతి వ్రాసెదము. కంపెనీ పేరును అపార్టుమెంటు పేరును ఇచ్చట ఉదహరింపము. ఇది ఒక్కరి దోషము గాదు, అంతటను నడచుచున్న పద్ధతి. గత వేసవి చివర, ఖరీఫునకు ముందు, దరఖాస్తు పెట్టి సొమ్ము చెల్లించితిమి. 3 దినములలో తీగ వేయుదుమని ఫోనునకు సందేశము వచ్చెను. మూడవ దినమున ఒక యువకుడు వచ్చి వీధిపెట్టె తెరచి చూచి, అందలి పాళ్లన్నియు ఇదివరకే ఇతరులకు పోయినవనియు, క్రొత్త పెట్టె రావలెననియు చెప్పి వెడలిపోయెను. రెండవ వారమున మరియొక సందేశము. "వినియోగదారుడు ఇంట లేనందున అభ్యర్థన మూసివేయబడినది" అని. ఉదయము 9 గంటల నుండి సాయంకాలము 6 గంటల వరకు ఇద్దరు గుమాస్తాలు కూర్చుండు డిపోలో మనుష్యులు లేరని వ్రాసికొన్నవారిని ఏమనవలెను? మరల దరఖాస్తు, మరల క్రొత్త నంబరు. మొదటి పదునాలుగు దినములును లెక్కలోనికి రాకుండ పోయినవి. ఆ సందేశము క్రిందనే, మా సేవ మీకు నచ్చినదా, ఎన్ని నక్షత్రములు ఇచ్చెదరు, అను ప్రశ్న కూడ ఉండెను.

మూడవ వారమున వీధిలో పెట్టె పెట్టిరి. ఈసారి అడ్డము అపార్టుమెంటు వైపు నుండి వచ్చెను. అసోసియేషను వారి అనుమతి లేనిదే లోనికి తీగ తేరాదని కావలివాడు గుమ్మము వద్దనే పనివారిని ఆపెను. అధ్యక్షులు అమెరికాలో కుమారుని యింట ఉన్నారు. కోశాధికారి కార్యదర్శిని అడుగుమనిరి. కార్యదర్శి మర్యాదగనే మాటలాడిరి. ఇదివరకే ఒక కేబులువానితో ఒడంబడిక కలదనియు, అతడు సాలునకు కొంత సొమ్ము అసోసియేషనునకు చెల్లించుచున్నాడనియు, మరియొకరిని రానిచ్చినచో అతడు తగవు పెట్టుననియు చెప్పిరి. ఆ కేబులువానినే తీగ వేయుమనగా, క్రింది దుకాణములకు ఇచ్చు పద్ధతి తనకు లేదనెను. సభ పెట్టి తీర్మానించుటకు ఇంకొక వారము. తీర్మానమైన తరువాత చూడగా డక్టు తాళము ఇల్లు కట్టించిన బిల్డరు వద్దనే యున్నది. తాళము వచ్చి తీసిచూడగా గోడలోని గొట్టము తాపీవారి సిమెంటుతో పూడియున్నది. తుదకు వానగొట్టము వెంబడి బయటనుండి తీగ దించి లోనికి తెచ్చిరి. మొదటి దరఖాస్తు నాటి నుండి అప్పటికి 46 దినములు. అతుకు వేసి దీపము పచ్చగా వెలిగించుటకు పట్టిన కాలము మాత్రము అర్ధగంటకు మించలేదు.

ఈ 46 దినములలో జరిగినదేమో సభ్యులకు తెలియవలెను. ఎరువుల రాయితీ సొమ్ము కంపెనీలకు చేరుటకు, 2018 నుండి దేశమంతటను ప్రతి బస్తా అమ్మకమును యంత్రముపై వేలిముద్రతోనో తత్సమానమైన ఆనవాలుతోనో నమోదు కావలెనను ఏర్పాటు నడచుచున్నది. ఆ యంత్రమునకు ఇంటర్నెట్టు ఉండవలెను. సిమ్ము కార్డుతో పనిచేయును గాని, నాలుగంతస్తుల కాంక్రీటు క్రింద సెల్‌ఫోను అలలు క్షీణించును. అందుచే మన గుమాస్తా యంత్రమును చేతబట్టి రోడ్డు మీదికి వచ్చి, వాన పడునప్పుడు గొడుగు క్రింద నిలిచి, ఒక్కొక్కరి వేలు ఆనించి అమ్మకము సాగించెను. తడిసిన వేలిని యంత్రము గుర్తింపలేదు. కలుపుతీసి కలుపుతీసి రేఖలరిగిన వేలిని అంతకు ముందే గుర్తింపదు. 18 కిలోమీటర్ల దూరము నుండి వచ్చిన ఒక వృద్ధురాలు రెండుమార్లు రిక్తహస్తములతో తిరిగిపోయినది. రెండు పర్యాయములును ఆటో ఛార్జీ ఆమెయే పెట్టుకొన్నది. నాట్లు వేసిన పొలము కంపెనీవారి సందేశముల కొరకు ఎదురుచూడదు. సంఘపు లెక్కల సంగతియు అంతే. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి తెచ్చుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూనులో 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 సంఘములకు పథకమును ఆమోదించెను. ఆ పథకమున చేరిన సంఘము ప్రతిదినము లెక్క ఆదినముననే ముగింపవలెను. మన గుమాస్తా రాత్రులందు తన సొంత ఫోను ద్వారా ఇంటర్నెట్టు పెట్టుకొని ఆ పని చేసెను. దాని ఖర్చు అతనికి తిరిగి యిచ్చుటకు పాలకవర్గము అంగీకరించినందులకు సంతోషించుచున్నాము.

ఇప్పుడు మా యభిప్రాయము. ఈ జాప్యమునకు తీగ కొరత కారణము గాదు. సాంకేతికమైన కష్టము కారణము గాదు. ఏ పని ఏ దినమునకు ఎవరు చేయవలెనో ఎచ్చటను పేరు పెట్టి వ్రాసియుండకపోవుటయే కారణము. సొమ్ము పుచ్చుకొన్నవారొకరు, తీగ లాగువారు వేరొకరు, పెట్టె పెట్టువారు ఇంకొకరు. తీగ లాగు యువకునకు అనేకచోట్ల నెలజీతము లేదు. వేసిన కనెక్షనునకు ఇంత యని కూలి. ఒక్కచోట మూడు గంటలు వ్యర్థమైనచో ఆనాటి కూలియే పోవును. కనుక తేలికగా నున్న ఇండ్లకు ముందు పోవును, చిక్కుగల అపార్టుమెంటును వెనుకకు నెట్టును. అతనిని నిందింపబోము. కోతకూలిని ఎకరమునకు మాటలాడుకొన్నప్పుడు పడిపోయిన చేనును ఎవ్వరును ముందు కోయరు. ఆ చిక్కునకు తగిన కూలి ఇయ్యనివారు కంపెనీవారు. దరఖాస్తును మూసివేసినచో ఆలస్యపు లెక్క తప్పిపోవునట్లు పద్ధతిని ఏర్పరచినవారును వారే.

చట్టములు లేకపోలేదు. టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, 2006లోనే బ్రాడ్‌బ్యాండు సేవకు నియమములు చేసి, దరఖాస్తు చేసిన 15 పనిదినములలో కనెక్షను ఇయ్యవలెనని గడువు పెట్టెను. సొమ్ము పుచ్చుకొని గడువులోగా ఇయ్యనిచో దినమునకు 10 రూపాయల చొప్పున, కనెక్షను రుసుమునకు మించకుండ, మొదటి బిల్లులో తగ్గింపవలెననియు చెప్పెను. ఆ నియమములను చదివినప్పుడు సంతోషము కలుగును గాని, గడువు ప్రక్కనే "సాంకేతికముగా సాధ్యమైనచో" అను మాట యుండెను. ఆ ఒక్క మాటలో ఎన్ని అపార్టుమెంటులు మునిగిపోయినవో! పెట్టెలో చోటు లేకున్న సాధ్యము కాదు, గొట్టము పూడియున్న సాధ్యము కాదు, కావలివాడు ఆపినను సాధ్యము కాదు. వర్షాభావమైనచో శిస్తు మాఫీ యని చెప్పి వర్షాభావమును నిర్ణయించు అధికారమును శిస్తు వసూలు చేయువానికే ఇచ్చినట్లున్నది. 2024 అక్టోబరు 1 నుండి ఆ నియమముల స్థానమున క్రొత్తవి అమలునకు వచ్చినవి. మా కోరిక యొక్కటియే: సాధ్యము కాదని చెప్పదలచిన కంపెనీ, ఏ కారణమున సాధ్యము కాదో, ఆ కారణమును ఎవరు తీర్పవలెనో వ్రాతమూలకముగా ఇయ్యవలెను, అట్లు ఇయ్యనంతవరకు దినములు లెక్కకు రావలెను.

అపార్టుమెంటులలోని గుత్తపద్ధతిని గూర్చి ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫారసులు పంపెను. భవనములోపలి డక్టులు, గొట్టములు మున్నగువానిని ఒక్క కంపెనీ కట్టివేసికొనక అందరును పంచుకొని వాడుకొనవలెనని వాని సారము. 2023లో క్రొత్త టెలికాం చట్టము వచ్చెను. దాని క్రింద తీగల దారి హక్కును గూర్చిన నిబంధనలు 2025 జనవరి 1 నుండి అమలులోనున్నవి. 2024 అక్టోబరులో ట్రాయ్ మరియొక మంచిపని చేసెను. భవనములలో తీగల సౌకర్యము ఎట్లున్నదో చూచి నక్షత్రముల గుర్తులు ఇచ్చుటకు నియమములు ఏర్పరచెను. విత్తనముల సంచికి ధ్రువీకరణ చీటి కట్టినట్లు ఇది కొనువానికి మేలుచేయును. అయితే గుర్తు కావలెనని యజమాని కోరినప్పుడే ఇది జరుగును. పూడిన గొట్టములు గల పాత యిండ్లవారు కోరి పరీక్షకు నిలుచుదురా?

అసోసియేషనుల పక్షమునను న్యాయము కలదని చెప్పకపోవుట ధర్మము గాదు. ఒక్కొక్క కంపెనీవాడు వచ్చి గోడకు బెజ్జము వేసి, పని ముగియగనే పూడ్చక వెడలిపోవును. మెట్ల వెంబడి సాలెగూడు వలె తీగలు వ్రేలాడును. వానిలో ఏది పనిచేయుచున్నదో, ఏది వదలివేసినదో చెప్పగలవాడుండడు. కరెంటు మీటర్ల ప్రక్కనే ఆ తీగలు చుట్టి పెట్టుట ప్రమాదము. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతపూరులో కృష్ణాష్టమి యూరేగింపు రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిరి. ఆ దుర్ఘటన వెనుక విద్యుత్తు శాఖవారు స్తంభముల మీది కేబులు తీగలను కత్తిరించుటకు పూనుకొనగా నగరమున అనేకుల ఇండ్లలో ఇంటర్నెట్టు నిలిచిపోయెను. వ్యవహారము హైకోర్టు వరకు పోయెను. అడ్డదిడ్డముగా వ్రేలాడు తీగలను సహింపరాదనుట ఒప్పుకొందుము. దానికి ఉపాయము చక్కని దారి చూపుటయే గాని గుమ్మము మూయుట గాదు. కార్యదర్శులు ఒక్కమారు పూనుకొని డక్టును శుభ్రపరచి, అంతస్తునకొక పెట్టె పెట్టించి, వచ్చు కంపెనీ ఏదైనను ఆ దారినే రావలెను, బెజ్జము పూడ్చి పోవలెను, వదలిన తీగను తీసికొనిపోవలెను అని ఒక కాగితము మీద వ్రాసినచో ఈ తగవులు చాలవరకు అడగును.

ఒక కేబులువానికే భవనమంతయు గుత్తకిచ్చుటను మాత్రము మేము ఏ విధమునను సమర్థింపజాలము. సాలునకు వచ్చు ఆ స్వల్పమైన సొమ్ము లిఫ్టు మరమ్మతునకో మెట్లదీపములకో పనికివచ్చుచున్నదని చెప్పెదరు. ఆ సొమ్ము తిరిగి ఎవరి బిల్లులలో నుండి వచ్చుచున్నదో చూడవలదా? పోటీ లేనిచోట సేవ యెట్లుండునో ఒక్కడే వర్తకుడు వచ్చు సంతలో ధాన్యము అమ్మిన రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి సంతల బాధనుండి తప్పించుకొనుటకే గదా మనము సంఘములు పెట్టుకొన్నది.

ఈ అసోసియేషనులు పరాయివి కావు. వానిలో అనేకములు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రిందనో, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రిందనో నమోదైనవి. సభ్యత్వము, సర్వసభ్య సమావేశము, పాలకవర్గము, లెక్కల తనిఖీ అన్నియు మన సంఘమునందువలెనే యుండును. కావున అచ్చటి జబ్బును కూడ మనము సులభముగ గుర్తుపట్టగలము. సమావేశమునకు ఎవ్వరును రారు. వచ్చిన అయిదారుగురు నిశ్చయించినదే శాసనము. ఫ్లాటు కొని అద్దెకిచ్చిన మన సభ్యునకు సమావేశపు నోటీసు ఫోనులో వచ్చును. అతడు దానిని చూచి, పట్టణము పోవుట యెందుకని ఊరకుండును. అద్దెకున్నవాడు తీగ రాలేదని నెలదినములు మొరపెట్టుకొని తుదకు ఇల్లు ఖాళీచేసి పోయినప్పుడు, రెండు నెలల అద్దె పోయినదని విచారించును. అద్దెకుండువానికి సమావేశమున ఓటు లేదు. ఓటు గలవాడు పొలము గట్టున ఉన్నాడు. జాప్యమునకు వేరొక మూలము ఇచ్చట కలదు. దీనిని తెంచగలవారు ఈ పత్రిక చదువువారిలోనే కొందరున్నారు.

పల్లెల స్థితి వేరుగా నున్నది. గ్రామ పంచాయతులన్నిటికిని ఫైబరు వేయుటకు 2011 అక్టోబరులో ఆమోదింపబడి తరువాత భారత్‌నెట్ అను పేరు పొందిన పథకము అనుకొన్న గడువులను పలుమార్లు దాటినది. దానిని చక్కదిద్దుటకు 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకమును కేంద్రము ఆమోదింపవలసివచ్చెను. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభముల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, ఫోను కలిపి ఇయ్యనెంచిన ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. తెలంగాణమున మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల వెంబడి ఫైబరు వేసిరి. వీని లోపములను గూర్చి వ్రాయవలసినది చాల కలదు, అది మరియొక నెలకు. అయినను ఒక్క మాట. మన గ్రామమునకు తీగ వచ్చిన తరువాత ఇంటికి తెచ్చుకొనుటకు వారమునకు మించి పట్టినవారు అరుదు. కేబులు అబ్బాయి ఎవరి కుమారుడో అందరికిని తెలియును. అతని తండ్రి మన సభ్యుడే. ట్రాక్టరు తగిలి తీగ తెగినచో సాయంకాలమునకు నిచ్చెన వేసికొని వచ్చును. రానిచో వాని తల్లికి చెప్పుదురు. నూరు కుటుంబములుండు అపార్టుమెంటులో ఎవరికి చెప్పవలెనో ఎవ్వరికిని తెలియదు.

కావున పట్టణమున బిడ్డలున్న సభ్యులు, ఫ్లాటులున్న సభ్యులు కొన్ని జాగ్రత్తలు తీసికొనవలెను. ఇల్లు అద్దెకు మాటలాడునప్పుడు నీళ్లు, కరెంటు సంగతి విచారించినట్లే, ఆ భవనములోనికి ఏ యే కంపెనీల తీగలు ఇదివరకే వచ్చియున్నవో, ఆ యంతస్తులో ఎవరికైన కనెక్షను కలదో ప్రక్కయింటివారిని అడుగవలెను. బ్రోకరు మాట చాలదు. గొట్టము తెరచియున్నదో లేదో కన్నులార చూచినచో మరియు మంచిది. పాతకనెక్షను గల ఇల్లు వదలుటకు ముందే క్రొత్త ఇంటికి దరఖాస్తు పెట్టవలెను. ఉద్యోగమున చేరు దినమునకు తీగ వచ్చునని నమ్మి ఇల్లు మారినవారు సెల్‌ఫోను ఇంటర్నెట్టుతో వారములు వెళ్లబుచ్చిన సంగతులు మాకు అనేకము తెలియవచ్చినవి. మూడు నెలల సొమ్ము, ఆరు నెలల సొమ్ము ముందుగా చెల్లించినచో తగ్గింపు ఇచ్చెదమను మాటకు తీగ రాకముందే లోబడరాదు. సొమ్ము చేతిలో నుండగా ఉండు పలుకుబడి చెల్లించిన తరువాత ఉండదు.

ఆలస్యమైనచో ఫోనులో వాదించుటవలన లాభము లేదు. ఫిర్యాదు నమోదు చేయించి దాని డాకెట్ నంబరును వ్రాసికొనవలెను. 2012 నాటి నియమముల ప్రకారము, ఆ ఫిర్యాదు తీరనిచో కంపెనీలోనే యుండు అప్పీలు అధికారికి 30 దినములలోగా వ్రాయవచ్చును. వారు 39 దినములలోగా తీర్పవలెను. "ఇంట లేరు" అని మూసిన సందేశములను చెరపివేయక భద్రపరుపవలెను. ఆనాడు ఇంటనున్నట్లు చూపుటకు కావలివాని పుస్తకమే సాక్ష్యము. అక్కడను పని కానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి వినియోగదారుల చట్టము టెలికాం సేవను పేరు పెట్టి చేర్చినది. టెలికాం తగవులను వినుటకు ఈ కమిషనులకు అధికారము కలదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టపరచెను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైనచో ఫిర్యాదునకు రుసుము లేదు. 1915 అను నంబరునకు ఫోను చేసిన తెలుగులోనే మాటలాడవచ్చును. నాలుగువందల రూపాయల తీగకై కోర్టు మెట్లెక్కుటా యని అందరును ఊరకుండుటవలననే కంపెనీలకు భయము లేకపోయినది. మన సభ్యులలో ఒకరిద్దరైనను చివరివరకు నడపినచో తక్కినవారి దరఖాస్తులను మూయువారు కొంత వెనుదీయుదురని మా నమ్మకము.

వచ్చు సర్వసభ్య సమావేశమున పాలకవర్గము అనుమతితో ఈ విషయము చర్చకు రానున్నది. పట్టణములలో ఫ్లాటులు గల సభ్యులు తమ అసోసియేషను బైలాల ప్రతిని, కేబులువారితో చేసికొన్న ఒడంబడిక దొరికినచో దాని ప్రతిని వెంట తేవలెనని కోరుచున్నాము. అనుమతి పొందిన ప్రతి కంపెనీకిని ఒకే షరతులతో దారి ఇయ్యవలెననియు, అర్జీ వచ్చిన 7 దినములలో కార్యదర్శి అవుననియో కాదనియో కాగితము మీద చెప్పవలెననియు, డక్టు తాళము ఒకటి కావలివాని వద్ద ఉండవలెననియు ఒక తీర్మానపు నమూనాను మన కార్యాలయమున సిద్ధపరచినాము. కావలసినవారు గురువారములందు డిపోలో గుమాస్తాను అడిగి తీసికొనవచ్చును. పట్టణము పోజాలనివారు తమ ఓటును వేరొకరి ద్వారా వేయుటకు బైలాలలో వీలున్నదో లేదో కూడ అతడు చూచి చెప్పును.